రెండోసారి లాంగ్ టర్మా, పొలం అమ్మి బీ కేటగిరీయా?

ప్రశ్న: మాది చీరాల దగ్గర పల్లెటూరు. ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతాను. అన్ని ఖర్చులూ పోగా ఏడాదికి 4 లక్షల దాకా మిగులుతుంది. నా భార్య అంగన్‌వాడీ టీచరు. బ్యాంకులో 9 లక్షల డిపాజిట్ ఉంది. 5 లక్షల చిట్టీ ఇంకా పాడలేదు, మరో 11 నెలలు కట్టాలి. 25 సవర్ల బంగారం ఉంది. మా అమ్మ పేరున ఎకరన్నర పొలం ఉంది, 60 లక్షలకు బేరం వచ్చింది. అమ్మాయి 2024లో ఇంటర్ అవగానే మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్ రాస్తే 512 మార్కులొచ్చాయి, ర్యాంకు రెండు లక్షలు దాటింది. ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ చేయించాం. 2025లో మార్కులు 446కి పడిపోయాయి. ర్యాంకు లక్షా ముప్పై వేల చిల్లర. 122 ప్రశ్నలు సరిగ్గా చేసింది, 42 తప్పయ్యాయి, 16 వదిలేసింది. తక్కువ ఫీజుకొచ్చే కన్వీనర్ సీటు కొద్దిలో పోయేలా ఉంది. మళ్లీ లాంగ్ టర్మ్‌కు హాస్టల్‌తో కలిపి 1 లక్షా 60 వేలు అడుగుతున్నారు. పొలం అమ్మి, ఎక్కువ ఫీజుండే బీ కేటగిరీలో చేర్చమని మా బావగారు, విదేశంలో 30 లక్షల్లో అయిపోతుందని ఒక ఏజెంటు. మొన్న రాత్రి అమ్మాయి "నాన్నా, నా మీద ఇంకా డబ్బు పెట్టడం దండగ కాదా, నేను సరిపోతానంటావా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

జవాబు: అన్నగారూ, ముందు మీ ఉత్తరంలో ఒక మాట సరిచేయనివ్వండి. "446కి పడిపోయాయి" అన్నారు. పడిపోలేదు. 2024 జూన్‌లో ఫలితాలు మొదట వచ్చినప్పుడు 67 మందికి 720కి 720 వచ్చాయి. సవరించాక కూడా ఆ లెక్క 17 దగ్గర నిలిచింది. 2025లో దేశంలోకెల్లా మొదటి ర్యాంకుకు వచ్చినవే 686. పేపరు అంత కష్టంగా ఉంది. అందుకే ఈ రెండేళ్ల మార్కులను పక్కపక్కన పెట్టి చూడకూడదు, ర్యాంకులను చూడాలి. మీ అమ్మాయి ఏడాదిలో డెబ్బై వేల మందిని దాటి ముందుకొచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని ఓటమిగా లెక్కేసి, పిల్లకు కూడా అలాగే చెప్పినట్టున్నారు. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. డబ్బు మాటలు తర్వాత.

ఇక డబ్బు. మన రాష్ట్రంలో ప్రైవేటు మెడికల్ కాలేజీ సీట్లలో సగం కన్వీనర్ కోటావి, 35 శాతం బీ కేటగిరీవి, మిగతా 15 శాతం ఎన్నారై కోటావి. కన్వీనర్ సీటు వచ్చిన పిల్ల ఏడాదికి దాదాపు 16 వేల రూపాయల ఫీజు కడుతుంది. అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూర్చున్న బీ కేటగిరీ పిల్ల 13 లక్షల పైచిలుకు కడుతుంది. పాఠం ఒకటే, పరీక్ష ఒకటే, చేతికొచ్చే డిగ్రీ ఒకటే. ఐదేళ్లకు తేడా 65 లక్షలు. ఆ తేడాకు కారణం ర్యాంకు ఒక్కటే. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకు మెడిసిన్ విషయంలో నేను మొదట చూపించే లెక్క ఇదే. 65 లక్షల తేడాను చెరిపేసే అవకాశం నిజంగా ఉంటే లక్షా అరవై వేలు ఖర్చే కాదు. ఆ అవకాశం లేకపోతే మాత్రం అదీ దండగే, దాంతోపాటు ఆ పిల్ల వయసులో ఒక ఏడాది కూడా.

అవకాశం ఉందో లేదో ఊహించాల్సిన పనిలేదు, కొలవవచ్చు. ఎంబీబీఎస్ ప్రవేశాల్లో ఇంటర్వ్యూ ఉండదు, సిఫారసు ఉత్తరాలు ఉండవు. మీ అమ్మాయి "సరిపోతానా" అన్న ప్రశ్నకు జవాబు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టే కేటాయింపు జాబితాల్లో ఉంది. మీ కేటగిరీలో, మీ లోకల్ ఏరియాలో, ఆడపిల్లల సీట్లలో, ఆఖరి విడతలో కన్వీనర్ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. మొదటి విడత చూసి దిగులు పడొద్దు. అఖిల భారత కోటాలో సీటొచ్చిన వాళ్లు ఇక్కడ వదిలేసి వెళ్తుంటారు, విడత విడతకూ ర్యాంకు కిందికి దిగుతుంది. ఈ ఏడాది విడతలన్నీ అయ్యేదాకా ఆగి, ఆ ఆఖరి ర్యాంకు పక్కన అమ్మాయి ర్యాంకు రాయండి. మధ్య ఉన్న దూరం పాతిక, ముప్పై వేలైతే ఒకే ఏడాదిలో డెబ్బై వేలు దాటిన పిల్లకు అది దాటలేని దూరం కాదు. దూరం లక్ష ఉంటే నా సలహా మారుతుంది.

మీరు పంపిన ఆ మూడు అంకెలు నన్ను చాలాసేపు ఆపేశాయి. ఒక్కో ఒప్పుకు నాలుగు చొప్పున 122 ఒప్పులకు 488 రావాలి. తప్పుకు ఒకటి చొప్పున 42 తప్పులకు 42 పోయి 446 అయింది. ఆ 42లో ఎన్ని తెలియక గుడ్డిగా పెట్టినవో, ఎన్ని తెలిసీ తొందరలో జారవిడిచినవో అమ్మాయినే అడగండి. గుడ్డిగా పెట్టినవి 20 ఉంటే, వాటిని వదిలేసి ఉంటే చాలు, కొత్తగా ఒక్క పేజీ చదవకుండానే 466 వచ్చేవి. ఆ ప్రాంతంలో 20 మార్కులంటే వేల ర్యాంకులు. తొందరలో పోయినవైతే ఇంకా మంచిది, ఒక్కో ప్రశ్నకు ఐదు మార్కుల తేడా. మీ కొట్లో సరుకు బాగానే అమ్ముడవుతున్నా ఏడాది చివర డబ్బు కనబడకపోతే ముందు అరువు పుస్తకం తీస్తారు కదా, ఇదీ అంతే. ఆ పిల్లకు చదువు లేక కాదు, ఎక్కడో కారుతోంది. అలాంటప్పుడు మళ్లీ ఏడాదంతా మొదటి పాఠం నుంచి చెప్పించుకోవడం అవసరమా అని కూడా ఆలోచించండి. ఇంట్లో ఉండి చదువుకుంటూ గ్రాండ్ టెస్టులకు, అంటే నమూనా పరీక్షలకు మాత్రం కట్టే ఏర్పాటు చాలా చోట్ల ఉంది, ఖర్చు అందులో నాలుగో వంతు కూడా కాదు. హాస్టల్‌లో ఉంటేనే చదవగలనని అమ్మాయి అంటే ఆమె మాటే వినండి. కానీ ఫీజు ఒకేసారి కట్టకండి. మూడు వాయిదాలు అడగండి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి.

కాబట్టి నా మాట ఇది: ఇంకొక్క ఏడాది రాయనివ్వండి. అది ఆఖరిది కావాలి, ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. నీట్‌కు పై వయసు హద్దు లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. పరీక్ష గీత గీయదు కాబట్టి ఇంట్లోవాళ్లే గీసుకోవాలి. ఫలితాల రోజు ఆ గీత గీయడం ఎవరివల్లా కాదు. అప్పుడు కన్నీళ్లు మాట్లాడతాయి, బావగార్లు మాట్లాడతారు, కౌన్సెలింగ్ వాళ్లు ఇచ్చిన రెండు రోజుల గడువు మాట్లాడుతుంది. లక్షల నిర్ణయాలు ఆ రెండు రోజుల్లో జరిగిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

బావగారి సలహా దగ్గరికి వద్దాం. ఆయన అమ్మాయి మేలు కోరే చెప్పారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ లెక్క నిలబడదు. ఏటా 13 లక్షల చొప్పున ఐదేళ్లకు 65 లక్షలు. హాస్టల్, మెస్, పుస్తకాలు కలిపితే 70 దాటుతుంది. పొలం మొత్తం అమ్మినా 60. అంటే ఎకరన్నరా పోయి, పైన అప్పు మిగులుతుంది. పైగా ఆ పొలం మీ అమ్మగారి పేరున ఉంది. ఆమె చేతి ఖర్చులకు ఆ కౌలు డబ్బులే ఆధారం అయి ఉంటాయి. రేపు బాబుకు ఏం మిగులుతుంది? ఆ ప్రశ్న ఇవాళ వాడు అడగడు, ముప్పై ఏళ్లొచ్చాక అడుగుతాడు.

పొలం ఉంచుకుని విద్యారుణం తీసుకుంటే? బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతాయి, అంటే మళ్లీ ఏదో ఒక ఆస్తి కాగితాలే. సరే, ఏటా 8 లక్షల చొప్పున ఐదేళ్లలో 40 లక్షలు తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. చదువు, ఆ తర్వాత ఒక ఏడాది గడువు అయ్యేసరికి బారువడ్డీయే 18 లక్షలవుతుంది. 58 లక్షలను 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు 62 వేల పైన. ఆ వాయిదా మొదలయ్యే నాటికి అమ్మాయికి పాతికేళ్లు దాటుతాయి, ఎంబీబీఎస్ అయి పీజీ ప్రవేశానికి చదువుకుంటూ ఉంటుంది. ఈ రోజుల్లో పీజీ లేకుండా ఆగిపోయేవాళ్లు తక్కువ. కొత్త డాక్టరు జీతంలో చాలా భాగం ఆ వాయిదాకే పోతుంది, చదువుకోవడానికి ఉద్యోగం మానేస్తే ఆ భారం మీ కొట్టు మీద పడుతుంది. విద్యారుణం వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు ఉందని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ దానివల్ల ఈ లెక్క తలకిందులు కాదు. బీ కేటగిరీ తప్పని నేననను. 70 లక్షలు పోయినా ఇంట్లో ఎవరి అన్నమూ తగ్గని కుటుంబాలకు అది మంచి దారే. మీది ఆ కుటుంబం కాదు.

ఇంకొకటి. బీ కేటగిరీ సీటు కూడా నీట్ ర్యాంకును బట్టి విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. "నేను మాట్లాడి పెడతాను, ముందు రెండు లక్షలు ఇవ్వండి" అని ఎవరైనా కొట్టు దగ్గరికొస్తే పంపించేయండి.

విదేశం సంగతి. ఏజెంటు చెప్పిన 30 లక్షల్లో ఏమేమి లేవో అడిగారా? ఫీజు డాలర్లలో ఉంటుంది. 2020లో డాలరు 75 రూపాయల దగ్గర ఉండేది, 2025లో 85 దాటింది. ఆరేళ్ల చదువులో ఇంకెంత పెరుగుతుందో ఏజెంటుకూ తెలియదు. 2021 నవంబరులో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల చదువు ఇంగ్లిషులోనే సాగాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత రావాలి. తిరిగొచ్చాక ఇక్కడ 300 మార్కుల స్క్రీనింగ్ పరీక్షలో 150 తెచ్చుకుని, మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ పరీక్ష తప్పేవాళ్లే ఎక్కువ. పాసయ్యేదాకా మళ్లీ కోచింగ్, మళ్లీ హాస్టల్. ఇక్కడ ఒక లాంగ్ టర్మ్ భారమనిపించి వెళ్లిన పిల్లలు వచ్చాక రెండేళ్లు అదే పని చేస్తున్నారు. అక్కడికెళ్లి బాగా చదివి డాక్టర్లయిన వాళ్లున్నారు, కాదనను. వద్దని అనడం లేదు, ఈ ఏడాది వద్దంటున్నాను. ఆఖరి ప్రయత్నం తర్వాత కూడా అమ్మాయి కోరుకుంటే అప్పుడు కాలేజీ పేరుతో సహా కూర్చుని చూద్దాం.

ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు. 9 లక్షల డిపాజిట్‌లో 3 లక్షలు ఇంటి అవసరానికి విడిగా ఉంచండి. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాట ఎక్కడా లేదు. లేకపోతే కుటుంబం మొత్తానికి ఈ నెలలోనే తీసుకోండి. డాక్టరు చదువు కోసం దాచిన డబ్బు ఆసుపత్రి బిల్లుకు కరిగిపోతే అంతకన్నా బాధ ఉండదు. మీ పేరున ఒక టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా అవసరం, ఇల్లంతా మీ కొట్టు మీదే నడుస్తోంది కాబట్టి. ఇవి రెండూ, ఈ ఏడాది కోచింగూ ఆ 4 లక్షల మిగులులోంచే సర్దుకోవచ్చు, డిపాజిట్ కదపనక్కర్లేదు. ఖరీఫ్ సరుకు కోసం డీలరుకు కట్టాల్సిన డబ్బును మాత్రం ముట్టుకోకండి. రైతుల అరువు పంటొచ్చేదాకా రాదని నాకంటే మీకే బాగా తెలుసు.

చిట్టీని ఇప్పుడు తొందరపడి పాడకండి. తగ్గించి పాడితే పోయేది మీ డబ్బే. చివరిదాకా ఉంచితే వచ్చే జూన్‌కు చేతికొస్తుంది, సరిగ్గా కౌన్సెలింగ్ సమయానికి. కన్వీనర్ సీటొస్తే మొదటి ఏడాది ఫీజుకు, హాస్టల్‌కు, పుస్తకాలకు అది పోగా ఇంకా మిగులుతుంది. రాకపోతే మరో కోర్సుకు పనికొస్తుంది. బంగారం జోలికి వెళ్లాల్సిన అవసరం నాకు కనబడలేదు.

మరో కోర్సు అన్నాను కదా. పశువైద్యం, దంతవైద్యం (బీడీఎస్), ఆయుర్వేదం ఇదే నీట్ ర్యాంకుతో వస్తాయి. వాటికీ ఈ ఏడాదే దరఖాస్తు పెట్టి, ఏది ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. మీ ప్రాంతంలో పాడి ఉన్న ఇళ్లెన్నో మీకు తెలుసు, పశువుల డాక్టరు కోసం రైతులు ఎంత ఎదురుచూస్తారో కూడా తెలుసు. అమ్మాయికి ఇష్టముంటేనే సుమా. సీటు తీసుకుని వదిలేస్తే జరిమానా ఉంటుందేమో, సర్టిఫికెట్లు ఎప్పుడు వెనక్కిస్తారో చేరకముందే కనుక్కోండి.

అమ్మాయి అడిగినదానికి ఏం చెప్పాలో తెలియలేదన్నారు. ఇలా చెప్పి చూడండి. "అమ్మా, నీ మీద పెట్టేది ఎంతో నేనూ అమ్మా లెక్కేసుకున్నాం. ఈ ఏడాదికి లక్షా అరవై వేలు. అది మనం ఇవ్వగలిగిందే, అది పోయినా ఈ ఇల్లు ఇలాగే ఉంటుంది. పొలం అమ్మడం లేదు, కాబట్టి పరీక్ష హాల్లో నీ నెత్తిన పొలం లేదు." పిల్లలు డబ్బుకు భయపడరు, ఎంతో తెలియని డబ్బుకు భయపడతారు. అంకె చెప్పేస్తే ఆ బరువు తగ్గడం నేను కళ్లారా చూశాను. వాళ్ల నాయనమ్మను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి. బేరానికొచ్చిన మనిషికి పొలం ఇవ్వడం లేదని కబురు పంపేది ఆమే కావాలి.

కౌన్సెలింగ్ ఆఖరి విడత జాబితా రాగానే మీ కేటగిరీ ర్యాంకు, అమ్మాయి రాసిన మొదటి నాలుగు గ్రాండ్ టెస్టుల మార్కులు నాకు పంపండి. రెండో వాయిదా ఫీజు కట్టేలోపు మళ్లీ చూసి చెబుతాను.