పిల్లి చుక్కచుక్కగా మూత్రం పోస్తోంది: ఇన్‌ఫెక్షనా, దారి మూసుకుపోయిందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. ధాన్యం బస్తాల దగ్గర ఎలుకల కోసం ఒక మగ పిల్లిని పెంచుతున్నాం. నాలుగేళ్లది. దాళ్వా కోతలైన దగ్గర్నుంచి మాటిమాటికీ ఇసుక గుట్ట మీదకు పోయి కూర్చుంటోంది. ముక్కుతుంది, అరుస్తుంది, రెండు చుక్కలు పడతాయి. నిన్న ఆ చుక్కల్లో ఎర్ర జీర కనిపించింది. వేడి చేసిందని మజ్జిగ, బార్లీ నీళ్లు పట్టాం. మందుల షాపతను యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నాడు. గేదెకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ ఇంజెక్షను ఇంట్లో ఉంది. ఎంత వేయమంటారు?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ప్రశ్న చూడగానే ఫోనులో చెప్పిన మాటే ఇక్కడ అందరి కోసం వివరంగా రాస్తున్నాను. ఆ ఇంజెక్షను వేయకండి. మందు సంగతి తర్వాత, ముందు మూత్రం అసలు బయటికి వస్తోందా లేదా అన్నది తేల్చుకోవాలి.

మగ పిల్లికి మూత్రనాళం చివర బాగా సన్నం. సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు, రక్తపు గడ్డ కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి. అలా బిగిస్తే ఒక్క రోజులోనే తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, మూలకు చేరి ముడుచుకుంటుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె కొట్టుకోవడం మందగిస్తుంది. అలాగే వదిలేస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. దీనికి ఇంటి వైద్యం లేదు. రాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఎలా తెలుసుకోవాలంటే, పిల్లిని ఒక గదిలో ఉంచి, బేసిన్‌లో పొడి ఇసుక పోసి పెట్టండి. ఇసుక ఎంత మేర తడిసి ఉండ కట్టిందో రెండు గంటలకోసారి చూడండి. పొట్ట వెనక భాగాన్ని వేళ్లతో మెల్లగా తాకితే నిమ్మకాయంత గట్టి ముద్ద తగిలి, పిల్లి నొప్పితో మీదకొస్తే దారి మూసుకుపోయిందనే అనుకోండి. నొక్కి మూత్రం తీయాలని మాత్రం చూడొద్దు, సంచి పగిలిపోతుంది. చాలామంది ఈ ముక్కడం చూసి మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు. ఆ ఆముదంతోనే ఒక రోజు గడిచిపోతుంది. ఆ ఒక్క రోజే ఇక్కడ కీలకం.

మీ పిల్లి విషయంలో సాయంత్రానికి ఇసుక కాస్త తడిసిందన్నారు, చేప ముక్క తిన్నదన్నారు. కాబట్టి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ ఈ రోజు తెరిచి ఉన్న దారి రేపు మూసుకోవచ్చు కాబట్టి, మర్నాడే చూపించమన్నాను.

ఇక ఇన్‌ఫెక్షన్ సంగతి. షాపతనిది మరీ తప్పు కాదు, మనుషుల్లో ఈ లక్షణాలకు అతను రోజూ వినే పేరు అదే. కానీ వయసులో ఉన్న మగ పిల్లుల్లో సూక్ష్మక్రిములతో వచ్చే మూత్రాశయ వ్యాధి తక్కువ. పదేళ్లు దాటినవాటిలో, కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నవాటిలో అది ఎక్కువ. నాలుగేళ్ల పిల్లికి ఎక్కువగా ఉండేది క్రిమి ఏదీ లేకుండానే మూత్రసంచి లోపలి పొర వాచిపోయే జబ్బు. నీళ్లు చాలకపోవడం, టెన్షన్ రెండూ దాన్ని రెచ్చగొడతాయి. పిల్లికి టెన్షనేమిటని నవ్వకండి. కోత మిషన్ చప్పుడు, ఇంటినిండా బస్తాలు, కొత్త మనుషులు, రోజూ పడుకునే చోటు పోవడం, పక్కింటి గండుపిల్లి వచ్చి పోట్లాడటం, అన్నీ దాని లెక్కలో ఉంటాయి. మీ ఉత్తరంలో కోతలైన దగ్గర్నుంచి అన్న మాట నాకు అందుకే పట్టింది.

ఈ వాపు చాలాసార్లు వారం రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ వారంలో ఎవరో ఒక యాంటీబయాటిక్ వేస్తారు. తగ్గగానే మందు పనిచేసిందంటారు. వచ్చేసారి మళ్లీ అదే వేస్తారు. ఏదో ఒకసారి నిజంగా దారి మూసుకుపోయి ఉంటుంది, అప్పుడు పిల్లి దక్కదు. మన వైపు ఈ మందులు పశువులకూ చేపల చెరువులకూ ఎంత తేలిగ్గా చేతికొస్తున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

పైగా అది గేదె మందు. నాలుగు వందల కిలోల పశువుకు చేసిన మందులో నాలుగు కిలోల ప్రాణికి ఎంత తీయాలో ఇంటి దగ్గర సిరంజితో కొలవలేం. అందులో ఎన్‌రోఫ్లాక్సాసిన్ ఉంటే, మోతాదు మించినప్పుడు పిల్లి కంటి వెనక పొర దెబ్బతిని చూపు పోవచ్చు. నొప్పి తగ్గాలని పారాసిటమాల్ అసలే వేయకండి. మనిషికి మామూలు మాత్రే గానీ, దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ల చాలు చంపడానికి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ కూడా వద్దు.

ఎర్ర జీర అన్నారు కాబట్టి ఇంకో ప్రశ్న అడిగాను: బస్తాల దగ్గరగానీ గట్ల మీదగానీ ఎలుకల మందు పెట్టారా? లేదన్నారు, మంచిది. కానీ ఇది చదివే చాలామంది పెట్టి ఉంటారు. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ కలిపి పొట్లాలు కట్టడం మనకు అలవాటే. పిల్లి ఆ నూకలు ముట్టకపోవచ్చు, కానీ అవి తిని తూలుతున్న ఎలుకను వదలదు. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. తిన్న మూడు నాలుగు రోజులకు మూత్రంలో, చిగుళ్లలో, ముక్కులోంచి రక్తం కనిపిస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి. అప్పుడు కావాల్సింది యాంటీబయాటిక్ కాదు, విటమిన్ కె1, అదీ వారాల తరబడి. అలాంటి అనుమానం ఉంటే డాక్టరు సూది గుచ్చకముందే చెప్పండి, మందు ప్యాకెట్టు కూడా పట్టుకెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలంటే, ముందు పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి దగ్గర్లో పిల్లులను చూసే పశువైద్యుడు ఎవరున్నారో అడగండి. స్కానింగ్, మూత్రనాళంలోకి గొట్టం వేయడం అవసరమైతే గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. పిల్లిని గోనెసంచిలో కట్టి తేకండి, ఈ ఎండలకు ఊపిరాడదు. కోళ్ల గంప బోర్లించి అడుగున చెక్క కట్టినా, రెండు చేపల క్రేట్లు మూతిమూతి కలిపి తాడు బిగించినా చాలు, పైన తడిగుడ్డ కప్పండి. నొప్పిలో ఉన్న పిల్లి ఎంత మచ్చికైనదైనా కరుస్తుంది. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ వ్యాక్సిన్ కోసం వెళ్లండి.

అక్కడ మూత్రసంచిలోంచి సన్నటి సూదితో మూత్రం తీసి పరీక్ష చేస్తారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అదే శుభ్రమైన నమూనా. నిజంగా క్రిములుంటే వాటికి సరిపడే మందు కొద్ది రోజులకు రాస్తారు, చెప్పినన్ని రోజులు వేయండి. స్ట్రూవైట్ అనే రకం రాళ్లయితే ప్రత్యేకమైన మేతతో కరుగుతాయి, ఆక్సలేట్ అనే రకం రాళ్లు కరగవు. దారి మూసుకున్న పిల్లికి మత్తిచ్చి గొట్టం వేసి, ఒకటి రెండు రోజులు సెలైన్ మీద ఉంచుతారు. ఇంటికొచ్చిన మొదటి వారాల్లోనే మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఇసుక బేసిన్ అప్పుడే ఎత్తేయకండి.

మేకలు, పొట్టేళ్లు పెంచేవాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. తవుడు ఎక్కువ పెట్టిన పోతులు ఇలాగే తోక ఆడిస్తూ ముక్కుతాయి. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ, అందుకే రాళ్లు కడతాయి. రెండింటికీ మందు కంటే ముందు నీళ్లు కావాలి.

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాలవి. దాహం తక్కువ, మూత్రం చిక్కన. కాబట్టి నీళ్లు తిండిలోనే వెళ్లాలి. నాలుగు కిలోల పిల్లికి తిండిలో ఉన్నదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. ఎండు చేపలు, పొడి ప్యాకెట్ గింజలు తగ్గించండి. ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ వేయకుండా పచ్చి చేపనో కోడిమాంసాన్నో ఉడికించి, ఆ ఉడుకునీళ్లు చల్లారాక ముక్కలతో కలిపి పలచగా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. మజ్జిగ, బార్లీతో హాని లేదు గానీ బలవంతంగా నోట్లో పోయకండి, పొలమారుతుంది.

నీళ్ల గిన్నెలు వెడల్పుగా, రెండు మూడు చోట్ల పెట్టండి. కాలువలు కట్టేసిన రోజుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పిల్లి ముట్టదు, మీరు తాగే నీళ్లే పోయండి. బస్తాలు వెళ్లేదాకా దానికి ఒక చీకటి మూల, ఒక పాత గంప వదిలేయండి, అక్కడ ఎవరూ కదపొద్దు. స్కానింగ్‌లో ఏం తేలిందో రాయండి. రాళ్లుంటే ఏ మేత పెట్టాలో అప్పుడు చెబుతాను.