మాట క్లియర్‌గా వినపడాలంటే హియరింగ్ ఎయిడ్ చుట్టూ ఉన్న శబ్దాలన్నీ కట్ చేయాల్సిందేనా?

అక్కర్లేదు, అన్నీ కట్ చేస్తే ప్రమాదం కూడా. చాలా మిషన్లలో రెండు చిన్న మైకులుంటాయి, ముందొకటి వెనకొకటి, మధ్య ఎడం సుమారు సెంటీమీటరు. వెనక నుంచి వచ్చే సౌండ్ వెనక మైకుకి ఒక 30 మైక్రోసెకన్లు ముందు తగుల్తుంది, చిప్ ఆ తేడా పట్టుకుని దాన్ని తగ్గించేసి ఎదురుగా ఉన్న మనిషి మాటని పైకి తెస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర ఇది నిజంగా వరం.

కానీ అదే సెట్టింగ్‌తో మా నాన్న కూరగాయల సంచి పట్టుకుని రోడ్డు దాటుతుంటే వెనక బైక్ అబ్బాయి హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆయన తల కూడా తిప్పలేదు, నేను చెయ్యి పట్టి లాగాను, తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడే.

అందుకే కొన్ని మిషన్లలో వెనక సౌండ్‌ని హై ఫ్రీక్వెన్సీలోనే, అంటే సన్నగా కీచుగా వినపడే శబ్దాల్లోనే తగ్గిస్తారు, స, శ, త లాంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా అక్కడే ఉంటుంది కాబట్టి. కింది ఫ్రీక్వెన్సీల్లో అన్ని వైపులా విననిస్తారు, బండి ఇంజన్ మోత అక్కడ తెలుస్తుంది.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది: శబ్దం ఎటు నుంచి వస్తోందో మనకి తెలిసేది ముఖ్యంగా రెండు చెవులకి వినపడే తేడా వల్ల. రెండు మిషన్లూ దేనికది సౌండ్ పెంచుకుంటే ఆ తేడా కొంత చెరిగిపోతుంది, వైర్‌లెస్‌గా కలిసి పనిచేసేవి దాన్ని చాలావరకు కాపాడతాయి.

కొనేటప్పుడు ఆడియాలజిస్టుని, అంటే వినికిడి నిపుణుల్ని, రోడ్డుకొకటి, జనం మధ్యకొకటి వేరే ప్రోగ్రాం పెట్టమని అడగండి, పెట్టాక బయట ఒకసారి నడిచి చూడండి.