ఇంగ్లీషు నామవాచకాన్ని ఒంటరిగా కంఠస్థం చేయకండి

ప్రశ్న: నేను ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నాను. విదేశంలో ఎంఎస్ కోసం ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాస్తే రైటింగ్‌లో 9కి 5.5 వచ్చింది. రోజుకు 30 కొత్త పదాలు బట్టీ పడుతున్నా రాసేటప్పుడు ఒక్కటీ అందడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ శ్రమలో లోపం లేదు, పద్ధతిని మాత్రం మార్చుకోవాలి. నిజానికి మీకు ఇంగ్లీషు నామవాచకాలు చాలానే తెలుసు. మనం రోజూ ‘డెసిషన్ తీసుకున్నాను’, ‘మిస్టేక్ చేశాను’, ‘ఎగ్జామ్ రాశాను’ అంటూనే ఉంటాం. నామవాచకాన్ని ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని, దానికి తెలుగు క్రియను తగిలించడం మనకు అలవాటైపోయింది కాబట్టి, ఆ నామవాచకం ఇంగ్లీషులో ఏ క్రియతో జతకడుతుందో గమనించే అవసరమే మనకు రాలేదు. అందువల్లనే ‘మేడ్ ఎ మిస్టేక్’ అని ఉండవలసిన చోట ‘డిడ్ ఎ మిస్టేక్’ అని రాస్తాం. పరీక్షకుడు చూసేది మీకు ఎన్ని అరుదైన పదాలు తెలుసన్నది ఒక్కటే కాదు, వాటిని ఎంత సహజంగా, ఎంత కచ్చితంగా వాడారన్నది కూడా. రైటింగ్‌లోని నాలుగు కొలమానాల్లో పదసంపద ఒకటి, దాని వాటా నాలుగో వంతు.

కాబట్టి ప్రతి నామవాచకాన్నీ దాని క్రియతో, విభక్తి ప్రత్యయం వంటి ప్రిపోజిషన్‌తో కలిపి ఒకే ముక్కగా నోట్‌బుక్‌లో రాసుకోండి. ‘సమస్యకు పరిష్కారం’ అన్నప్పుడు మన ‘కు’ ఉన్నచోటే ఇంగ్లీషులో ‘టు’ వస్తుంది, అంటే ‘సొల్యూషన్ టు ది ప్రాబ్లమ్’. ‘ధరల పెరుగుదల’ను మాత్రం అలా నేరుగా మార్చలేం, అక్కడ ‘ఇంక్రీజ్ ఇన్ ప్రైసెస్’ అనాలి. అకడమిక్ పరీక్ష మొదటి టాస్క్‌లో గ్రాఫును వర్ణించడానికి ఈ ‘ఇన్’ పదే పదే అవసరమవుతుంది కనుక, ‘డిక్లైన్ ఇన్’, ‘ఫ్లక్చుయేషన్ ఇన్’ కూడా దీని పక్కనే రాసుకోండి.

బహువచనం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. తెలుగులో ‘సలహాలు’, ‘పరిశోధనలు’, ‘పరికరాలు’ అనడం సహజం, కానీ ఇంగ్లీషులో అడ్వైస్, రీసెర్చ్, ఎక్విప్‌మెంట్, ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్ లెక్కించరాని నామవాచకాలు. వాటికి చివర ‘ఎస్’ చేర్చకూడదు, ముందు ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ పెట్టకూడదు. మరోవైపు ‘క్రైటీరియా’, ‘ఫినామినా’ అప్పటికే బహువచనాలు. వాటి ఏకవచనాలు ‘క్రైటీరియన్’, ‘ఫినామినన్’.

ఏ పదాలు నేర్చుకోవాలన్నదానికి 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ మంచి ఆధారం. అందులో 570 పదకుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన పదాల గుంపులు, ఉన్నాయి, వాటిని వాడుక ఎక్కువగా ఉన్నవాటితో మొదలుపెట్టి 10 భాగాలుగా విభజించారు. మొదటి భాగంలోని 60 కుటుంబాలను వారానికి 12 చొప్పున తీసుకుంటే ఐదు వారాల్లో పూర్తవుతాయి. ‘విశ్లేషించు’ నుంచి ‘విశ్లేషణ’, ‘విశ్లేషకుడు’ ఎలా పుడతాయో మీకు తెలుసు కదా, ‘అనలైజ్’, ‘అనాలిసిస్’, ‘అనలిస్ట్’ కూడా అదే వరుస. రోజుకు రెండు కుటుంబాలు చాలు. అయితే ఒక్కొక్క దానితో మీ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు రాసి, వారాంతంలో పుస్తకం మూసి, ఆ 12 కుటుంబాల్లోని పదాలను వాడుతూ 250 పదాల వ్యాసం రాయండి. గుర్తుకు రాని పదం దగ్గర ఖాళీ వదిలి ముందుకు సాగండి. వచ్చే వారం మొదట చదవవలసినవి ఆ ఖాళీలలోని పదాలే.