సందేహాలు – సమాధానాలు: గట్టుకు బుంగ, చేనుకు మందు

సందేహం: "రిటైరైన తెలుగు టీచర్ని, మాది రామచంద్రపురం. ఇంజనీరింగు, కంప్యూటర్ భద్రత, కెమిస్ట్రీ, వైద్యం, ఈ నాలుగింటిలో తమ దగ్గర జరుగుతున్న పరిశోధనల గురించి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చెప్పడానికి ఇక్కడి విద్యాసంస్థ ఒకటి తెలుగులో చిన్న పుస్తకం వేస్తోంది. భాష దిద్దమని నాకిచ్చారు. రీసెర్చికి ఒకచోట పరిశోధన, ఒకచోట శోధన, ఇంకోచోట సంశోధన అని ఉంది. వల్నరబిలిటీకి దుర్బలత్వం అనీ, బ్రీచ్‌కి ఉల్లంఘన అనీ, పబ్లిక్ కీకి బహిరంగ తాళం అనీ రాశారు. మందు అన్నచోటల్లా ఔషధం చేయమంటున్నారు, ఆక్సిజన్‌ని ఆమ్లజని చేయమంటున్నారు. ఏది ఉంచను, ఏది తీసెయ్యను?"

సమాధానం: టీచరు గారూ, సంశోధన మారు ఆలోచించకుండా తీసెయ్యండి. కన్నడంలో, మరాఠీలో అది రీసెర్చి. హిందీలో అదే మాటకి సవరణ అని అర్థం, రాజ్యాంగ సవరణని వాళ్లు సంవిధాన్ సంశోధన్ అంటారు. మనకి రెండూ కాదు.

శోధన దగ్గర కాస్త ఆగాలి. పరిశోధనకీ దీనికీ మూలం శుధ్ అనే ధాతువే, శుభ్రపడడం అని, శుద్ధి కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. ముందు 'పరి' చేరితే అన్నివైపులా, పూర్తిగా అని. అంటే పరిశోధన అసలర్థం బాగా కడగడం. (సంస్కృతంలో దానికి అప్పు తీర్చడం అనే అర్థం కూడా ఉంది, నెలల తరబడి స్టైపెండు రాని పరిశోధక విద్యార్థికి ఈ సంగతి చెప్పకండి.) తెలుగులో అది వెతికి తేల్చడం అనే అర్థంలో స్థిరపడిపోయింది గానీ, 'పరి' లేని ఒట్టి శోధన మాత్రం ఎవరింట్లో వాళ్లదే. ఆయుర్వేద వైద్యుడికి శోధన అంటే వమనం, విరేచనం లాంటివాటితో ఒంట్లో దోషాన్ని బయటికి పంపడం, పాదరసాన్ని మందులో వాడేముందు శుద్ధి చేయడం కూడా వాళ్లకి శోధనే. కంప్యూటర్ వాళ్లకి సెర్చ్. నరసాపురం, పాలకొల్లు వైపు చర్చికి వెళ్లే ఆవిణ్ణి అడిగితే విశ్వాసానికి వచ్చిన పరీక్ష, "ఈ ఏడాది మా ఇంటికి పెద్ద శోధన వచ్చిందండీ" అంటుంది. ఇప్పుడు 'వైద్య శోధనలో పాల్గొన్న గ్రామస్థులు' అని మీరు అచ్చు వేస్తే ఒకరు విరేచనాలనుకుంటారు, ఒకరు కష్టాలనుకుంటారు. పరిశోధన ఒక్కటే ఉంచండి. కంప్యూటర్ భద్రత దగ్గర మాత్రం పక్కన నేరం అనే మాట పడకుండా చూసుకోండి, అపరాధ పరిశోధన నవలలు చదివి పెరిగిన తరం మనది, 'సైబర్ నేర పరిశోధన' అంటే పోలీసులు దొంగని పట్టుకుంటున్నారనే అనుకుంటాం.

ఇక దుర్బలత్వం, ఉల్లంఘన. వీటి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. దుర్బలత్వం అనగానే టైఫాయిడ్ తగ్గి మంచం దిగినవాడు కళ్ల ముందుకొస్తాడు. ఉల్లంఘన అంటే రూలు తప్పడం. ప్రోగ్రాంలో ఉన్న లోపంలోంచి పరాయివాడు దూరి సమాచారం పట్టుకుపోయాడనే సంగతి ఈ రెంటిలో ఎక్కడుంది? గోదావరి పక్కన కూర్చుని ఈ మాటల కోసం నిఘంటువులు తిరగేయాలా మనం?

1986 ఆగస్టు వరదలో గోదావరి పాయ వశిష్ఠ గట్టు మీద రాత్రి కాపలా ఉన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని తిరుగుతూ మేము ఏటివైపు పెద్దగా చూసేవాళ్లం కాదు, చూపంతా ఊరివైపు వాలు మీదే. గడ్డిలో ఎక్కడైనా నీళ్లు ఊరుతున్నాయేమో కాలితో తడిమి చూడాలి. తేటనీళ్లు వస్తుంటే ఊట, కనిపెట్టి ఉంటే చాలు. బురదనీళ్లు వస్తున్నాయంటే లోపల మట్టి కొట్టుకొచ్చేస్తోందన్నమాట, బుంగ పడింది. ఎలుక బొరియో ఎండ్రకాయ బొక్కో చాలు దానికి. మా పెదనాన్న కేకేస్తే పదిమంది పరిగెత్తుకొచ్చి ఆ బుంగ చుట్టూ గుండ్రంగా ఇసుకబస్తాలు పేర్చారు, తెల్లారేదాకా పేరుస్తూనే ఉన్నారు. మా దగ్గర ఆగింది. ఆగకపోతే దాన్ని ఇక బుంగ అనరు, గండి అంటారు.

ఇప్పుడు మీ పుస్తకంలోకి రండి. ప్రోగ్రాంలో లోపం బుంగ. దాడికొచ్చేవాడు వరద. సమాచారం పోవడం గండి. తర్వాత ఆ లోపం పూడ్చడానికి కంపెనీ పంపే ప్యాచ్ ఇసుకబస్తా. భద్రతా పరిశోధకులు చేసేది చాలావరకు గట్టు కాపలా, వరద రాకముందే బుంగలు వెతికి చెప్పడం. 2014లో హార్ట్‌బ్లీడ్ అని ఒక లోపం బయటపడింది, ఇంటర్నెట్లో సగం తలుపులు కాసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్లో అది అప్పటికి రెండేళ్లుగా ఎవరి కంటా పడకుండా ఉంది. బుంగ ఉన్నంతమాత్రాన గండి పడినట్టు కాదు, పడలేదని నిద్రపోవడానికీ లేదు, ఈ తేడా దుర్బలత్వంతో రెండు పేజీలు రాసినా ఎక్కదు, గట్టు తెలిసినవాడికి ఒక్క వాక్యంలో ఎక్కుతుంది. ఖజానా ఆదాయానికి గండి అని పేపర్లు రాస్తూనే ఉన్నాయి కదా, డేటాకి గండి అంటే తప్పేముంది? బుంగ మరీ మోటుగా ఉందని కంప్యూటర్ శాఖవాళ్లు మొహమాటపడితే 'లోపం' దగ్గర రాజీ పడండి, అంతకు మించి దిగొద్దు.

తాళం కూడా అక్కడిదే కాబట్టి చెప్పేస్తాను. "తాళం వేశావా?" అంటే మనకి తాళం కప్ప, "తాళాలు ఎక్కడ పెట్టావు?" అంటే చెవులు. రెంటికీ ఒకటే మాట వాడి ఇంట్లో గడిపేస్తాం గానీ, పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అని 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి దగ్గర గడవదు. ఆ పద్ధతిలో రహస్యంగా కబురు పంపడం ఎలాగంటే, తెరిచి ఉన్న తాళంకప్పలు ఊరంతా పంచిపెట్టి చెవి మాత్రం మొలతాడుకి కట్టుకున్నట్టు. ఎవరైనా పెట్టెలో ఉత్తరం వేసి కప్ప నొక్కి మీకు పంపొచ్చు, తీసేది మీరొక్కరే. బహిరంగ తాళం, రహస్య తాళం అంటే ఏది కప్పో ఏది చెవో ఎవరికి తెలుస్తుంది? పబ్లిక్ కీ అని పేరు చెప్పి, పక్కనే తాళంకప్ప లాంటిది అని ఒక ముక్క రాయండి. లాక్ అని మాత్రం ఎక్కడా రాయకండి, ధవళేశ్వరంలో 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి సంగతులు కథలుగా విన్నవాళ్లం, మనకి లాకులంటే కాలవ మీద పడవల్ని ఎక్కించి దించేవే.

మందు మార్చమన్నవాళ్ల మాటలో సగం న్యాయం ఉంది. పొద్దున చేనుకి మందు కొట్టినవాడే సాయంత్రం మందు కొడతాడు. క్యాజువాల్టీలో "మందు తాగేశాడండీ" అన్నారంటే డాక్టరు ముందు అడగాల్సింది ఏ మందనే. కాబట్టి పురుగుమందు అయితే పురుగుమందనే రాయండి, ప్రతిచోటా, విసుగనిపించినా. అంతేగానీ ఒంటికి వేసుకునే మందుని ఔషధం చేస్తే ఒరిగేదేమీ లేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలు నడిపిస్తున్నప్పుడు, 1947లో, అక్కణ్ణుంచి హెట్రజాన్ వచ్చింది. ఆ మందే డీఈసీ మాత్రగా మన వీధుల్లోకి వస్తే జనం దాన్ని బోదకాలు మాత్ర అన్నారు, బోదకాలు మందు అన్నారు. శ్లీపద నివారక ఔషధం అని ఉంటే ఎవరైనా చెయ్యి చాపేవారా?

వైద్యం పేజీల్లో నాకు భయమేసే మాట వేరే ఉంది, ప్రయోగం. కెమిస్ట్రీ ల్యాబులో అది నిక్షేపంలాంటి మాట, వ్యాకరణంలోనూ అంతే. కానీ మన పల్లెల్లో ఎవరిమీదైనా ప్రయోగం చేశారంటే చిల్లంగి పెట్టారని. కొత్త మందుని పరీక్షించేటప్పుడు పాల్గొనేవాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. 'మీపై ప్రయోగం' అని ఉన్న కాగితం మీద మా అమ్మయితే వేలిముద్ర వేసేది కాదు. 'ఈ మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష' అని రాయండి, బారెడైతే కానివ్వండి.

ఆమ్లజని వద్దు. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఇదేనని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవాయిజే పొరబడి ఆక్సిజన్ అని పేరు పెడితే, మనవాళ్లు ఆ పొరబాటుని కూడా తెలుగు చేశారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. పైగా రొయ్యల చెరువు మీద అర్ధరాత్రి ఏరియేటర్ ఆగిపోతే రైతు అరిచేది "ఆక్సిజన్ పడిపోతోంది" అనే. అలాగని అన్నీ ఇంగ్లీషులోకి మార్చేయకండి. నత్రజని, భాస్వరం అదే కాలపు పుస్తకాల మాటలే అయినా ఎరువుల బస్తాతో పాటు చేలోకి దిగి బతికిపోయాయి. సుబ్బారావు గారే తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో ఎంత ఉందో కొలిచే పద్ధతి చెప్పింది ఈ భాస్వరానికే. ఆ రెండూ ఉంచండి.

ఇంజనీరింగు పేజీల్లో మాటల కన్నా వాక్యాలు చూడండి. 'కాలువ గట్టు మట్టి నమూనాలు సేకరించబడి పరీక్షించబడినవి' అని మీరు పంపిన కాగితంలో ఉంది. ఎవరు సేకరించారు? మీవాళ్లే కదా. 'కాలవ గట్టు మట్టి తెచ్చి పరీక్షించాం' అని దిద్దండి, ఆ 'బడు'లు ఎక్కడున్నా కొట్టేస్తూ పోండి, పుస్తకం నాలుగు పేజీలు తగ్గుతుంది.