హైదరాబాద్ నుంచి డాలస్‌కి నిజంగా ఎన్ని గంటలు?

అమ్మానాన్న మొదటిసారి డాలస్ వస్తున్నారు, టికెట్ చూస్తే పన్నెండున్నర గంటలే కనిపిస్తోంది, నిజమేనా అని ఒకరు అడిగారు. కాదండీ. మేమూ మొదటిసారి అలాగే పొరబడ్డాం.

మా టికెట్‌లో తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో బయల్దేరి, అదే తేదీ సాయంత్రం 5 గంటలకి డాలస్‌లో దిగుతామని ఉంది. మా ఆవిడ వేళ్ల మీద లెక్కేసి, "ఇంతేనా, వైజాగ్ రైలు ప్రయాణమంత!" అంది. ఎక్కే టైము మన గడియారానిది, దిగే టైము వాళ్లది. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. వేసవి లెక్కన పదిన్నర కలిపితే 23 గంటల 10 నిమిషాలు. దుబాయ్‌కి నాలుగు గంటల లోపు, అక్కడ మూడు గంటలు కూర్చోవడం, ఆపైన పదహారుంపావు గంటలు ఒకే సీట్లో.

దూరం సంగతికొస్తే, నేరుగా గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ భూమికి దాదాపు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి ఆ గీత ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900, వెరసి 15,450 దాకా. సీటు ముందు తెరలో మ్యాపు పెడితే విమానం గ్రీన్‌లాండ్ దగ్గర కనిపించింది. మా ఆవిడ నన్ను తట్టి లేపి, "అమెరికా పక్కకి కదా, పైకెందుకు పోతున్నాడు?" అంది. గోడ మ్యాపు చూసి పెరిగినవాళ్లం, బంతి మీద దారం లాగి చూస్తే గానీ అర్థం కాదు.

తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే పట్టింది. పైన పది కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. అమెరికా పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోపు. ఈ గాలి మహిమ ఎంతంటే, 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా, అంటే తూర్పు వైపుకి గాలితోపాటు నడిపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా సమయం దాదాపు రెండు గంటలు తగ్గింది. అందుకే కిలోమీటర్లు పట్టించుకోకండి. టికెట్‌లో మొత్తం ప్రయాణ సమయం అని విడిగా రాసి ఉంటుంది, అది చూడండి.

ఇంకోటి. ఒకసారి ఏజెంటు మాకు గంటా పది నిమిషాల వ్యవధితో కనెక్షన్ కొట్టాడు. మోకాళ్ల నొప్పులావిడని పట్టుకుని పరుగో పరుగు. పెద్దవాళ్లకి మూడు గంటలు తగ్గకుండా చూడండి, వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడగండి.

షుగరు, బీపీ మాత్రలుంటే ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో డాక్టరుని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. దారిలో రెండుసార్లు టైము మారుతుంది, మాత్రల లెక్క తప్పుతుంది. మా ఆవిడైతే చేతి వాచీ అసలు మార్చలేదు. ఇమిగ్రేషన్ దాటి కారెక్కేసరికి బయట ఎండ ఫెళఫెళా కాస్తోంది. అమ్మాయి "కాఫీ తాగుదామా అమ్మా?" అంటే, వాచీ చూసుకుని, "అయిదేగా అయింది, ఇంకా పాలవాడు రాడు" అంది.