దసరా ఆయనకిస్తే సంక్రాంతి నాకు దక్కుతుందా?

కర్నూలు నుంచి ఒక తల్లి అడిగారు: "మేం విడిగా ఉంటున్నాం. ఎనిమిదేళ్ల బాబు నా దగ్గరే ఉంటాడు. కోర్టు ఆర్డరులో దసరా సెలవులు నావి, సంక్రాంతి సెలవులు అనంతపురంలో ఉండే వాళ్ల నాన్నవి. మరిది గృహప్రవేశం దసరాకు పెట్టుకున్నారట, ఈసారికి పండగలు మార్చుకుందామని ఫోన్ చేశారు. పోయిన ఎండాకాలం సెలవుల్లో బాబును రెండు రోజులు ఆలస్యంగా తెచ్చి దింపారు. ఒప్పుకుంటే ఆర్డరు మీరినట్టా?"

ఒప్పుకోండి. చిన్నాన్న కొత్తింట్లో పాలు పొంగించేటప్పుడు పిల్లాడు అక్కడుంటే వాడికే సంబరం. కాకపోతే ఫోన్లో "సరే" అని వదిలేయకండి.

ముందు ఆర్డరు కాపీ తీసి చదవండి. ఇద్దరి అంగీకారంతో తేదీలు మార్చుకోవచ్చని అందులో ఉంటే చిక్కు లేదు. లేకపోయినా, ఇద్దరూ ఇష్టపడి ఒక్కసారికి సర్దుకుంటే మామూలుగా గొడవ రాదు. అసలు చిక్కు జనవరిలో ఉంది. మీ మాటలతో ఆర్డరు మారదు. సంక్రాంతికి ఆయన "ఆర్డరు ప్రకారం పిల్లాడిని పంపు" అంటే, కాగితం మీద తప్పు చేసినట్టు కనిపించేది మీరే. దసరాకు మీరు పంపిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

అందుకని ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే వాట్సాప్ మెసేజ్‌లో పెట్టండి: "మీరు అడిగినట్టు దసరాకు ఫలానా తేదీ ఉదయం 10 నుంచి ఫలానా తేదీ సాయంత్రం 5 దాకా బాబు మీ దగ్గర ఉంటాడు. దానికి బదులు జనవరి 12 నుంచి 17 దాకా నా దగ్గరే ఉంటాడు. అప్పగింత గుత్తి బస్టాండులో. ఈ మార్పు ఈ ఒక్కసారికే, మిగతాదంతా ఆర్డరు ప్రకారమే." సెలవుల తేదీలు బడి ప్రకటించినవి చూసి వేసుకోండి. సంవత్సరం అంకె కూడా వేయాలి. అక్టోబరులో "ఈ ఏడాది సంక్రాంతి" అంటే అయిపోయిన పండగ అవుతుంది!

జవాబుగా బొటనవేలు బొమ్మ వస్తే చాలదు, "ఒప్పుకుంటున్నాను" అని రాయమనండి. మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగు ఉంటే తీసేయండి. పాత ఫోన్ అమ్మేయకండి. కోర్టులో చూపించాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 (సాక్ష్యాల చట్టం)లోని సెక్షన్ 63 ప్రకారం, ఆ మెసేజ్‌లు ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి, ఉత్త స్క్రీన్‌షాట్ సరిపోదు.

రెండు రోజుల ఆలస్యం సంగతి. బడి తెరిచే ముందు రోజు బస్సుల్లో నిలబడే చోటు కూడా దొరకదు. అందుకే తిరిగొచ్చే తేదీని అంతకు ఒక రోజు ముందే పెట్టి, రిజర్వేషన్ టికెట్ ఫొటో ముందే పంపమనండి. అయినా ఆలస్యమైతే రాతలో అడగండి గానీ, దానికి బదులుగా ఆయన తర్వాతి వంతులో కోత పెట్టకండి. భరణం డబ్బుల ముచ్చట ఈ మెసేజ్‌లలోకి అసలు రానివ్వొద్దు.

అంతా ఖాయమయ్యాకే బాబుకు చెప్పండి. "నీకెక్కడుండాలని ఉంది?" అని అడగొద్దు, వాడితో కబుర్లు పంపొద్దు. సంచిలో సెలవుల హోంవర్కు, వాడే మందులు పెట్టండి. డిసెంబరు మొదటి వారంలో పాత మెసేజ్‌నే మళ్లీ పంపి సంక్రాంతి తేదీలు గుర్తుచేయండి.

ఏటా ఇలాగే మార్చుకోవాల్సి వస్తే ఆర్డరిచ్చిన కోర్టులోనే ఇద్దరూ కలిసి మార్పు కోరడం మేలు. లాయరు ఖర్చుకు వెనకాడకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100.

ఆయన రాతలో ఒప్పుకోనంటే పండగల మార్పిడి వద్దనండి. గృహప్రవేశం నాటికి మాత్రం, ముందు రోజు సాయంత్రం నుంచి మర్నాటి సాయంత్రం దాకా, బదులేమీ అడక్కుండా పంపుతానని మీరే రాయండి.