క్యాన్సర్ వచ్చిన గిరిజనులకు, మైనారిటీలకు మానసికంగా ఇంకా మంచి అండ ఎలా ఇవ్వవచ్చు?

కౌన్సెలర్లను పెంచాలని ఎవరైనా చెబుతారు. నన్నడిగితే ముందు రోగి మాట తెలిసిన మనిషిని ఒకరిని పెట్టండి. గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో (పేరెందుకు లెండి) మా అమ్మ మంచం పక్కన 19 రోజులు కూర్చున్నాక ఏర్పడిన అభిప్రాయమిది.

పక్క మంచం మీద బొల్లాపల్లి వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ పెద్దావిడ. రొమ్ము క్యాన్సర్, తెల్లవారితే ఆపరేషన్. మోచేతి పైదాకా గాజులు. నర్సు వచ్చి తీసేయమంది. చంకలో గ్రంథులు కూడా తీస్తారు కాబట్టి ఆ చెయ్యి వాచే ప్రమాదముందని, ఇక మీదట ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదని చెప్పింది. నర్సు మాటలో తప్పేమీ లేదు. పెద్దావిడ మాత్రం చెయ్యి కొంగు కింద దాచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నం ముట్టలేదు. "సహకరించడం లేదు" అని కాగితంలో రాసుకుపోయారు.

మిరపకోతలకు వచ్చి నేర్చుకున్న తెలుగు ఆవిడది. కూలి బేరానికి సరిపోతుంది, భయం చెప్పుకోవడానికి చాలదు. లంబాడీ మాటకు తెలుగుతో చుట్టరికమే లేదు, అది రాజస్థానీ వైపు భాష. సొంత లిపి కూడా లేదు. గోడలకు ఎన్ని పోస్టర్లు అంటిస్తే ఏమి లాభం?

పొద్దున్నే రక్తం సీసాలు తీసుకెళ్లే అమ్మాయి వచ్చింది. తనదీ తండాయే. మంచం పక్కన గొంతుక్కూర్చుని "యాడీ" అని పిలిచింది. పది నిమిషాల్లో సంగతి తేలింది. ఆ గాజులు మొగుడు పోయినప్పుడు తీసేవట! అప్పుడు మెట్ల మీద పడుకున్న ముసలాయనను, ఆడవాళ్ల వార్డని ఆపుతున్నా వినకుండా లోపలికి తీసుకొచ్చింది. ఆయనే సబ్బు నురగ రాసి ఒక్కొక్క గాజూ తీశాడు. తువ్వాలులో మూటగట్టుకుని, ఆవిడ బయటికి వచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ అడిగిన రెండో మాట, ఈ జబ్బు మనవడికి అంటుకుంటుందా అని. అప్పటికి నెల రోజులుగా కంచం, చెంబు వేరుగా పెట్టుకుందట. క్యాన్సర్ అంటువ్యాధి కాదని ఒక్కరూ ఆవిడకు అర్థమయ్యేలా చెప్పలేదు.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ ఇదే తంతు. డాక్టరు మాటలు కొడుకు అనువదిస్తాడు. తల్లి గర్భాశయం గురించి పదో తరగతి పిల్లవాడు ఏమని చెబుతాడు, ఎంత మింగుతాడు?

మాకు భాష ఇబ్బంది లేదు, బంధువులతోనే ఇబ్బంది. పక్కింటాయన ఇదే జబ్బుతో ఆరు నెలల్లో పోయాడని అమ్మ ముందే చెప్పి, అమ్మకని తెచ్చిన బత్తాయి తానే ఒలుచుకు తిని వెళ్లాడు మా పెదనాన్న.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి కాగితాలు చూడటానికి ఆరోగ్యమిత్రలున్నారు. అలాగే మనిషిని చూడటానికి, తండా పిల్లనో ఉర్దూ వచ్చిన ఆవిడనో జీతమిచ్చి కూర్చోబెట్టడం అంత కష్టమా? ఆ అమ్మాయికైతే ఆ పూట సీసాలు ఆలస్యమయ్యాయని ల్యాబులో చీవాట్లు పడ్డాయి.